కోనసీమలో అద్దె గది: లెక్కలోకి రాని మనుషుల చరిత్ర



మన గ్రూపులో పోడు గురించి, 1/70 గురించి, రంప తిరుగుబాటు గురించి చాలా రాసుకున్నాం. ఈసారి చిన్నదిగా కనిపించే ఒక విషయం రాస్తున్నాం. అద్దె గది.

ప్రతి ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు నుంచి మన పిల్లలు కిందికి దిగుతారు. కొందరు రాజమండ్రి, కాకినాడ వెళ్తారు, కొందరు గోదావరి దాటి అమలాపురం దాకా వస్తారు. కోనసీమలోనే పుట్టిన యానాది, ఎరుకల కుటుంబాల పిల్లలు కూడా రాజోలు, కొత్తపేట ఊళ్ళలో పనికో చదువుకో గది వెతుక్కుంటారు. ఫీజుకి స్కాలర్‌షిప్పు ఉందంటారు. సీటుకి రిజర్వేషన్ ఉందంటారు. రాత్రి పడుకోవడానికి ఏముంది అని అడిగితే మాత్రం ఎవరూ మాట్లాడరు. మనోళ్ళు చదువు మధ్యలో ఆపేశారంటే "కొండోళ్ళకి చదువు మీద ధ్యాస ఉండదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఎంతమంది గది దొరక్క, అద్దె కట్టలేక వెనక్కి వెళ్ళిపోయారో ఎవరూ లెక్క రాయలేదు.

ఈ ఇబ్బంది నిన్నగాక మొన్న వచ్చింది కాదు. దీని వెనక నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే, గది దొరక్కపోవడం మన తప్పు కాదని కూడా తెలుస్తుంది.

*అద్దె అనే మాట మనది కాదు*

మన కొండ ఊళ్ళలో పాతకాలంలో అద్దె అనే లెక్కే లేదు. కొత్త కుటుంబం ఏర్పడితే ఊరు చోటు చూపించేది. వెదురు, మట్టి, గడ్డి అడవిలోనే దొరికేవి. నలుగురూ చేయి వేస్తే ఇల్లు లేచేది. తలదాచుకునే చోటుకి నెలనెలా డబ్బు కట్టాలన్న ఆలోచన కిందికి దిగాకే మనకి ఎదురైంది.

ఏజెన్సీలో మనకి ఒక రక్షణ కూడా ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని గట్టి చేసిన 1/70, ఆస్తి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపడానికి వచ్చాయి. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. అమలు ఎలా ఉందో మనకి తెలుసు, అది వేరే పోస్టు. కనీసం కాగితం మీద మన చోటు మనదే. ఆ కాగితం బలం ఏజెన్సీ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. బస్సు దిగి మైదానంలో కాలు పెట్టగానే మనం ఉత్త అద్దెదారులం.

*కాలవ వచ్చింది, చోటు పోయింది*

కోనసీమ అంటే గౌతమి, వశిష్ట పాయల మధ్య నేల. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు తవ్వాక ఇక్కడి నేల దశ తిరిగింది. వరి, కొబ్బరి, అరటి పండాయి. కాటన్ దొర బొమ్మ లేని ఊరు ఈ వైపు తక్కువ.

ఆ కథలో మనకి చెప్పని సగం ఒకటుంది. నేల ధర పెరిగిన చోట పేదోడి పాక వేసుకునే జాగా తగ్గిపోతుంది. కోనసీమలో ఖాళీ నేల అనేది దాదాపు లేదు. చేను కాకపోతే తోట, తోట కాకపోతే చెరువు, అదీ కాకపోతే కాలవ. భూమి లేని కూలీ రైతు దొడ్డిలోనో తోటలోనో పాక వేసుకునేవాడు. డబ్బు అద్దె ఉండేది కాదు. బదులుగా తోట కాపలా, పశువుల పని, ఇంటి చాకిరీ చేయాలి. పాలేరు మాట తప్పితే పని ఒక్కటే పోదు, పాక కూడా పోతుంది. అద్దెకి అది పాత రూపం. చీటీ లేదు, రసీదు లేదు, రోజంతా చేసే కష్టమే అద్దె.

దొడ్డిలో కూడా చోటు దొరకని వాళ్ళు కాలవగట్టు ఎక్కారు. చేపలు, ఎలకలు పట్టుకునే యానాదులు, బుట్టలల్లి పందులు పెంచుకునే ఎరుకలవాళ్ళు గట్ల మీద, రోడ్డు వారల్లో, ఊరి చివర బతికారు. గట్టు ప్రభుత్వానిది కాబట్టి అక్కడ అద్దె లేదు, హక్కు కూడా లేదు. గట్టు బాగుచేస్తామన్న ప్రతిసారీ పాకలు లేచిపోతాయి.

ఎరుకలవాళ్ళకి తెల్లదొరల ప్రభుత్వం "ఇళ్ళు" ఇచ్చిన కథ కూడా తెలుసుకోవాలి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా వెలిసింది. అక్కడ గుడిసె ఉంది, పని ఉంది. దాంతోపాటు హాజరు పిలుపు ఉంది, ఊరు దాటాలంటే పాసు ఉంది. అంటే మన జనానికి సర్కారు మొదటిసారి కప్పు చూపించింది కాపలా కాయడానికే. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. యానాది, ఎరుకల, సుగాలీలను ఆంధ్ర ప్రాంతంలో 1956లో షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. గది అడగడానికి వెళ్ళినప్పుడు ఎగాదిగా చూసే ఆ చూపుకి వయసు వందేళ్ళ పైనే.

*యుద్ధంలో పుట్టిన అద్దె చట్టం*

అద్దెలకి పగ్గం వేసే చట్టాలు ప్రపంచంలో చాలాచోట్ల యుద్ధకాలంలోనే పుట్టాయి. 1915లో స్కాట్లాండులోని గ్లాస్గోలో, మగవాళ్ళు యుద్ధంలోనూ ఆయుధ ఫ్యాక్టరీల్లోనూ ఉండగా ఇంటి యజమానులు అద్దెలు పెంచేశారు. మేరీ బార్బర్ లాంటి కార్మికవాడ ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. వేల కుటుంబాలు పెంచిన అద్దె కట్టమన్నాయి. ఆ ఏడాది చివరికే బ్రిటన్ ప్రభుత్వం అద్దెలు పెంచకుండా చట్టం చేయాల్సి వచ్చింది.

మన దగ్గర రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు, 1941లో, మద్రాసు ప్రభుత్వం ఇంటి అద్దె నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అది 1946లో చట్టమైంది, 1949లో మరో చట్టంగా మారింది. కోనసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో కొత్త చట్టం వచ్చింది. దాన్నే జనం రెంట్ కంట్రోల్ యాక్టు అంటారు.

ఆ చట్టంలో మంచి మాటలే ఉండేవి. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని రెంట్ కంట్రోలర్‌ని అడిగే వీలుండేది. ఒక నెల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉండేది. అద్దె కట్టినవాడికి రసీదు అడిగే హక్కు ఉండేది. నీళ్ళు, కరెంటు కట్ చేసి ఇబ్బంది పెట్టకూడదని ఉండేది. కారణం చూపించకుండా ఖాళీ చేయించకూడదని ఉండేది.

చదువుతుంటే బాగుంది కదా. మరి ఇది మనదాకా ఎందుకు రాలేదు? మూడు కారణాలు చెప్తాం.

ఒకటి, ఆ చట్టం హైదరాబాదు, సికింద్రాబాదుతోపాటు మున్సిపాలిటీలకి వర్తించింది. మిగతా ఊళ్ళకి కావాలంటే ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాల్సి ఉండేది. అమలాపురం మున్సిపాలిటీ. రాజోలు, కొత్తపేట పంచాయతీలు. రాజోలు సెంటర్లో గది తీసుకున్న పిల్లాడికీ అమలాపురంలో గది తీసుకున్న పిల్లాడికీ కష్టం ఒక్కటే, చట్టం మాత్రం ఒక్కటిగా ఉండేది కాదు.

రెండు, ఖాళీ అయిన ఇంటి సంగతి యజమాని అధికారులకి తెలియజేయాలని అందులో ఉండేది. ఎందుకంటే ఆ ఇల్లు ముందు ప్రభుత్వ అవసరానికి, బదిలీ మీద వచ్చే ఉద్యోగులకి కావాలి. యుద్ధకాలం నాటి చట్టాల నుంచి వచ్చిన ఆలోచన ఇది. సర్కారు ఇల్లు చూపించాలనుకున్నది తన ఉద్యోగికి. కూలికి, విద్యార్థికి ఇల్లు చూపించాలన్న ఊహ ఆ చట్టంలో లేదు.

మూడు, గీతలు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకి చట్టం వర్తించదని మొదట్లో మినహాయింపు ఉండేది. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళకి ఉత్సాహం ఇవ్వడానికి అన్నారు. పాతికేళ్ళు దాటినా అది తీయలేదు. చివరికి 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపుని కొట్టేసింది. వెంటనే ప్రభుత్వం ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. కట్టి పదేళ్ళు కాని ఇళ్ళకీ, నెలకి 1,000 రూపాయలు దాటిన అద్దెలకీ చట్టం వద్దంది. 2005లో ఈ గీతని కార్పొరేషన్లలో 3,500, మిగతాచోట్ల 2,000 చేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. అమలాపురం లాంటి మున్సిపాలిటీలో నెలకి 2,000 దాటితే రక్షణ లేకుండా పోయిందన్నమాట. ఏళ్ళు గడిచేకొద్దీ అద్దెలు పెరిగాయి, గీత కదల్లేదు. గీత కింద మిగిలింది రేకుల షెడ్డు, మెట్ల కింద గది. చట్టాన్ని ఎవరూ రద్దు చేయకుండానే పేద అద్దెదారు దాని బయటికి వచ్చేశాడు.

2017లో మన రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసింది. 2021లో కేంద్రం మాదిరి అద్దె చట్టం ఒకటి తయారుచేసి రాష్ట్రాలకి పంపింది. ఈ మాదిరి చట్టంలో ఇళ్ళకి డిపాజిట్ రెండు నెలల అద్దెకి మించకూడదని ఉంది. న్యాయమైన అద్దె అన్న మాట మాత్రం పోయింది. ఇద్దరూ రాసుకున్న అద్దే అద్దె. కాగితం రాసుకున్నవాడికి బలం, నోటిమాట మీద చేరినవాడికి ఏమీ లేదు. మనోళ్ళలో కాగితం మీద చేరేవాళ్ళు ఎంతమందో మీరే చెప్పండి.

*వేరేవాళ్ళు ఎలా గట్టెక్కారు?*

కోనసీమలో చదువు పాతది. అమలాపురంలో ఎస్‌కేబీఆర్ కాలేజీ 1951లో పెట్టారు. పల్లెల నుంచి వచ్చే పిల్లలకి అప్పుడూ వసతి సమస్యే. బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నారు, రోజుకొక ఇంట్లో భోజనం. కోస్తా పట్నాల్లో డబ్బున్న కులాలు చందాలు వేసుకుని తమ పిల్లలకి హాస్టళ్ళు కట్టుకున్నాయి. ఆ హాస్టళ్ళలో ఉండి చదివినవాళ్ళే తర్వాత ప్లీడర్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు అయ్యారు. దళితులు పోరాడి సంక్షేమ హాస్టళ్ళు సాధించుకున్నారు.

మన తెగలకి చందాలు వేసే సంపన్నుడు లేడు. మైదానంలో మన సంఖ్య తక్కువ కాబట్టి అడిగే గొంతు కూడా తక్కువ. మన హాస్టళ్ళు ఎక్కువగా ఏజెన్సీలోనే ఉన్నాయి. అది అవసరమే. ఇంటర్ దాటి డిగ్రీకో, ఐటీఐకో, నర్సింగుకో కిందికి వచ్చినప్పుడు మాత్రం మెట్టు లేని గుమ్మంలా ఉంటుంది పరిస్థితి.

2020లో మొదలైన వసతి దీవెన పథకంలో డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000, పాలిటెక్నిక్ వాళ్ళకి 15,000, ఐటీఐ వాళ్ళకి 10,000 అన్నారు. 20,000ని పది నెలలకి పంచితే నెలకి 2,000. అందులోనే గది, అందులోనే తిండి. అదీ రెండు విడతల్లో. ఇంటి యజమానికి మాత్రం ఒకటో తారీఖుకల్లా అద్దె కావాలి.

*అందరికీ సొంతిల్లు, అద్దెవాడికి?*

ఇక ప్రభుత్వాలు కట్టిన ఇళ్ళ సంగతి. 1976లో వచ్చిన చట్టం ఒకటి, గ్రామాల్లో వేరేవాళ్ళ జాగాలో పాక వేసుకుని ఉంటున్న వ్యవసాయ కూలీలకి, చేతివృత్తులవాళ్ళకి ఆ జాగా మీద హక్కు ఇవ్వాలంది. పాలేరు పాకకి అది పెద్ద మార్పు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1996 నవంబర్ 6 తుఫాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. తాటాకిళ్ళు, కొబ్బరాకుల పాకలు మిగల్లేదు. ఆ తర్వాత పక్కా ఇల్లు అనేది ఇక్కడ ప్రాణం విషయమైంది. 2006లో ఇందిరమ్మ ఇళ్ళు వచ్చాయి. 2015లో కేంద్రం ఆవాస్ యోజన వచ్చింది. 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది, రాష్ట్రమంతా 30 లక్షల పైచిలుకు పట్టాలన్నారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. అమలాపురం పట్టణ పేదలకి టిడ్కో ఇళ్ళు బోడసకుర్రులో, వైనతేయ పాయ వైపు కట్టారు.

ఇవన్నీ తప్పని మేం అనడం లేదు. సొంతిల్లు వచ్చిన కుటుంబం ఆనందం మాకు తెలుసు, మాలో కొందరి అమ్మానాన్నలు అలాంటి ఇళ్ళలోనే ఉన్నారు. అన్ని ప్రభుత్వాలూ, అన్ని పార్టీలూ పేదోడి ఇల్లు అంటే సొంతిల్లు అనే అనుకున్నాయి. మూడేళ్ళు చదువుకుని వెళ్ళిపోయేవాడికి, ఆర్నెల్లు రొయ్యల చెరువు పనికి వచ్చినవాడికి, నర్సుగా చేరి ఎప్పుడు బదిలీ అవుతుందో తెలియని అమ్మాయికి కావాల్సింది సొంతిల్లు కాదు. ఒక భద్రమైన గది. ఆ గది గురించి ఈ సొంతింటి పథకాలు పెద్దగా ఆలోచించలేదు.

ఇంకో మెలిక ఉంది. స్థలం కావాలన్నా కార్డు కావాలన్నా అడ్రసు అడుగుతారు. అద్దె కాగితం ఇవ్వడానికి యజమాని ఒప్పుకోడు. కాగితం లేదు కాబట్టి అడ్రసు లేదు, అడ్రసు లేదు కాబట్టి అర్హత లేదు. అలా అద్దెలో ఉన్నవాడు అద్దెలోనే ఉండిపోతాడు.

2011 జనగణన ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్ళలో ఉన్నాయి. అప్పటికే పట్టణాల్లో కోటికి పైగా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. కోనసీమలో ఇది కళ్ళకి కనిపిస్తుంది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళ మేడలకి తాళాలుంటాయి, పక్క వీధిలో ఒక గదిలో ఐదుగురు పిల్లలు పడుకుంటారు.

*"మీరేవిట్లు?"*

డబ్బు ఒక్కటే అయితే ఇంత రాయం. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే మొదట ఊరు అడుగుతారు. తర్వాత "మీరేవిట్లు బాబూ?" అంటారు. ఎస్టీ అనగానే "ఇందాకే ఎవరో అడ్వాన్సు ఇచ్చేశారండి" అంటారు. బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది. మాలో చాలామందికి ఇది జరిగింది. మాలో ఒక చెల్లికి గది ఇచ్చి, వారం తర్వాత కులం తెలిశాక, చుట్టాలు వస్తున్నారని ఖాళీ చేయించారు. కొంతమంది ఈ బాధ పడలేక వేరే కులం పేరు చెప్పి చేరతారు. ఇంట్లో నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే మన భాషలో మాట్లాడటానికి భయపడి మేడ మీదకి వెళ్తారు.

ఇలా పేరు దాచుకున్న మనిషి ఒకాయన మనకి బాగా తెలుసు. 1917లో డాక్టర్ అంబేడ్కర్ విదేశాల్లో పెద్ద చదువు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఊళ్ళో ఎవరూ గది ఇవ్వలేదు. చివరికి పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని, రోజుకి రూపాయిన్నర కట్టి ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి సామాను తీసేయమన్నారు. తెలిసినవాళ్ళని అడిగినా చోటు దొరకలేదు. పార్కులో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నారు.

ఇప్పుడు మనం గది వెతుక్కునే జిల్లాకి ఆయన పేరే ఉంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. అంబేడ్కర్ పేరు పెడతామన్నప్పుడు మే 24న అమలాపురం మండింది, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. చివరికి పేరు నిలబడింది. ఆ పేరున్న జిల్లాలో కులం అడక్కుండా గది దొరికే రోజు వస్తేనే ఆ పేరుకి అర్థం.

*దారి ఉందా?*

ఉంది. ప్రపంచంలో చేసి చూపించినవాళ్ళున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1919 నుంచి 1934 దాకా, వియన్నా నగరపాలక సంస్థ ధనవంతుల మీద పన్ను వేసి 60,000కు పైగా ఇళ్ళు కట్టింది. అమ్మలేదు, కార్మికులకి తక్కువ అద్దెకి ఇచ్చింది. ఆ ఇళ్ళలో ఇప్పటికీ జనం ఉంటున్నారు.

మన దేశంలో ఆ ఆలోచన రావడానికి కరోనా రావాల్సి వచ్చింది. 2020లో అద్దె కట్టలేక లక్షలమంది కూలీలు వందల మైళ్ళు నడిచారు. ఆ జూలైలో కేంద్రం తక్కువ అద్దె గృహ సముదాయాల పథకానికి ఆమోదం తెలిపింది. ప్రభుత్వం కట్టి ఖాళీగా ఉంచిన ఇళ్ళని అద్దెకి ఇవ్వొచ్చంది. వలస కూలీలతోపాటు విద్యార్థుల పేరు కూడా అందులో ఉంది. 2024లో వచ్చిన ఆవాస్ యోజన రెండో విడతలోనూ అద్దె ఇళ్ళకి ఒక భాగం పెట్టారు. ఇది పెద్ద నగరాల కోసమేలే అని చిన్న పట్నాలవాళ్ళు అనుకుంటున్నారు. అలా అనుకోనక్కర్లేదు. అమలాపురంలో కూడా అడగొచ్చు. రాజోలు, కొత్తపేటల్లో మైదాన ప్రాంత గిరిజన విద్యార్థులకి వసతి కావాలని అడగొచ్చు.

ఈలోపు మనం చేసుకోగలిగినవి కొన్ని.

అద్దె చేతికి ఇవ్వకండి, ఫోన్ పే లాంటి వాటిలో పంపండి, "ఫలానా నెల అద్దె" అని రాయండి. రసీదు ఇవ్వనివాళ్ళ దగ్గర అదే మీ రసీదు. చేరేటప్పుడు అడ్వాన్సు ఎంత, కరెంటు ఎలా, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఒక తెల్లకాగితం మీదైనా రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే, సామాను బయట పడేస్తే ఊరుకోకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఉంటుంది, కులం సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్ళండి.

సీనియర్ అన్నలకి, అక్కలకి ఒక మాట. మీరు ఖాళీ చేసే గది సంగతి ముందు మన గ్రూపులో పెట్టండి. కులం అడక్కుండా ఇచ్చిన యజమానులు కోనసీమలో ఉన్నారు, కష్టంలో అద్దె ఆపుకున్న పెద్దమ్మలు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళు మనవాళ్ళ చేతిలోంచి మనవాళ్ళ చేతికే వెళ్ళాలి. ఎవరికి ఎక్కడ గది నిరాకరించారో, ఎంత అద్దె అడిగారో, ఎందుకు చదువు ఆపారో కూడా రాసి పెడదాం. వినతిపత్రం ఇచ్చే రోజున చేతిలో లెక్క ఉండాలి. ఇన్నేళ్ళూ మనల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ పని మనమే మొదలుపెడదాం.

మీ ఊళ్ళో అద్దెలు ఎలా ఉన్నాయో, మీ అమ్మానాన్నలు కిందికి దిగిన కాలంలో ఎక్కడ తలదాచుకున్నారో అడిగి కింద రాయండి. అది కూడా మన చరిత్రే.

జై ఆదివాసీ.